ఘాటుదారులు - పాతకాలపు మోటారు



కొండదారిని మోటారులో బోవుట వేడుక యని యువకు లందురు. నాకును వేడుకయే. ఐనను ఆ వేడుకకొక శాస్త్రము కలదు.

మన హరిశ్చంద్రపురమునకు ఉత్తరమున, ఒడిశాలోని గజపతి జిల్లాలో, మహేంద్రగిరి 1501 మీటర్ల యెత్తున నున్నది. రఘువంశపు నాల్గవ సర్గలోని మహేంద్రము నిదియే. దాని దారి రమ్యము. అంతకంటె నాకు ప్రియమైనది శృంగవరపుకోటనుండి అరకులోయకు బోవు ఘాటుదారి. అనంతగిరి కాఫీతోటల నీడ, చెట్ల కల్లుకొన్న మిరియపు తీగలు, గాలికొండనుండి కానవచ్చు లోయ నేత్రోత్సవములు.

1945 మొదలు 1949 వఱకు ఇంగ్లండులో జేసిన ఎం.జి. టి.సి. వంటి రెండాసనముల కారున కీ దారి నెక్కుట కష్టము గాదు, దిగుటయే పరీక్ష. దాని డ్రమ్ము బ్రేకుల నెడతెగక త్రొక్కినచో వేడెక్కి పట్టు సడలును. కావున ఎక్కిన గేరుననే దిగవలెను. పల్లమున బండి బరువును ఎడ్లు మెడలతో నాపునట్లు, అప్పుడు ఇంజనే కారు నాపును.

దిగువాడు ఎక్కువానికి దారి యీయవలెను. తిరుమలలో 1944 నాటి దారిని దిగుటకును, తరువాతి దారిని ఎక్కుటకును వేఱుపఱచుటచే నీ చిక్కు తొలగినది. తక్కినచోట్ల మన వివేకమే దిక్కు. చక్రము పట్టినవాడు లోయను జూడరాదు. చూడగోరినచో బండిని ప్రక్కకు నిలిపి తనివిదీర జూడవలెను.

మీ మనుమలు కొండకు బయలుదేరునప్పుడు “క్షేమముగా పోయి రండు” అనుటతో జాలింపక, “ఎక్కిన గేరుననే దిగుడు” అనియు జెప్పి పంపుడు. సెలవు.