రెటీనాపై పొర: ఆపరేషన్ చేయించుకుంటే చూపు ఎంత వస్తుంది?

ప్రభుత్వ కంటి వైద్యుడిగా పనిచేసి రిటైరైన నేనూ మీలో ఒకణ్ణే. "పొర తీయించుకుంటే చూపు మునుపటిలా వస్తుందా?" అని మనవారు తరచూ అడుగుతుంటారు. ఈరోజు ఆ సంగతే మనవి చేస్తాను.

ఇది శుక్లం కాదు. శుక్లం కంటి ముందుభాగంలోని కటకానికి వచ్చే మసక. ఈ పొర కంటి వెనుక, రెటీనా నడిమి భాగమైన మాక్యులాపై ఏర్పడుతుంది. అది ముడుచుకున్నకొద్దీ కింది రెటీనా కూడా ముడతపడి, గుమ్మాలు వంకరగా, అక్షరాలు అలలుగా కనిపిస్తాయి. చుక్కల మందులతో, కళ్ళజోడుతో ఇది పోదు. 1970ల ఆరంభంలో డాక్టర్ రాబర్ట్ మాకెమర్ ప్రవేశపెట్టిన విట్రెక్టమీ పద్ధతిలో లోపలికి వెళ్ళి, సన్నని పట్టకారుతో పొరను ఒలిచివేస్తారు.

ఫలితాన్ని ముందుగా సూచించేవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది, ఆపరేషన్ నాటికి ఉన్న చూపు. 6/60తో వచ్చినవారికి పెరుగుదల ఎక్కువగా కనిపించవచ్చు. కాని చివరికి మెరుగైన చూపు మిగిలేది సాధారణంగా 6/12, 6/18తో వచ్చినవారికే.

రెండవది, కాలం. నెలలనాటి ముడత సర్దుకున్నంత బాగా ఏళ్ళనాటి ముడత సర్దుకోదు.

మూడవది, ఓసీటీ పరీక్ష. కాంతిని గ్రహించే కణాల వరుస అందులో తెగకుండా కనిపిస్తే మంచి సూచన. అది చెదిరినా, మాక్యులా మధ్య ఉండవలసిన గుంట పూడిపోయినా ఆశ కొంత తగ్గించుకోవాలి.

నాలుగవది, తోడున్న జబ్బులు. మధుమేహం రెటీనాను దెబ్బతీసినా, నీటికాసులు ఉన్నా ఫలితం తగ్గుతుంది. వయసు ఒక్కటే అడ్డు కాదు.

చూపు వారంలో తిరిగిరాదు. మొదటి కొన్ని నెలల్లో కొంత, తరువాత ఏడాది వరకు నెమ్మదిగా మెరుగవుతుంది. వంకర తగ్గుతుంది గాని పూర్తిగా పోకపోవచ్చు. శుక్లం ఆపరేషన్ కానివారికి ఒకటి రెండేళ్ళలో శుక్లం ముదరడం మామూలే. దాన్ని చూసి ఆపరేషన్ చెడిందనుకోకండి. ఇన్‌ఫెక్షన్, రెటీనా ఊడటం అరుదే అయినా, ఆ ప్రమాదం గురించీ డాక్టరుగారిని అడగండి.

పొర ఉన్న ప్రతివారికీ ఆపరేషన్ అవసరం లేదు. చదువుకూ పనులకూ ఇబ్బంది లేకపోతే పరీక్షలు చేయించుకుంటూ ఆగవచ్చు. అయితే, "రెండో కన్ను బాగుంది కదా, పిల్లలకు ఖర్చెందుకు" అని ఇబ్బందిని దాచిపెట్టడం వేరు. అలా గడిచిన ఏళ్ళను ఏ సర్జనూ తిరిగి ఇవ్వలేడు.

ఇంటికి వెళ్ళాక చదువుకునే అద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క కన్నూ మూసి క్యాలెండరు గళ్ళను చూడండి. గీతలు వంగి కనిపిస్తే ఆ మాట ఇంట్లో చెప్పండి, వెంటనే కంటి డాక్టరుకు చూపించుకోండి. సెలవు.