పాత కారు – డైనమో పరీక్ష



జీవితమెల్ల వ్యాకరణము బోధించినవాడు విద్యుత్తును గూర్చి ప్రసంగించుటేమని మీరు నవ్వుకొనవచ్చును. కాని నాకొక పాత అంబాసిడరు కారు కలదు. ఆల్టర్నేటరు కాక డైనమో గల కాలపుది. అది నన్ను మరల శిష్యుని జేసినది.

గడచిన కార్తికమున, పురిటికి వచ్చుచున్న మా అమ్మాయిని రాత్రి రైలు దింపుకొని వచ్చుచుంటిని. చెఱువుకట్టమీద దీపములు పచ్చబడి, పిదప గ్రుడ్డివై, తుదకు ఇంజనే ఆగిపోయెను. నిండుచూలాలితో ఆ చీకటిలో, పాలవ్యాను వచ్చువరకు నేను పడిన వేదన వర్ణింపజాలను.

బ్యాటరీ చచ్చినదని మెకానిక్కు తీర్పు చెప్పెను. క్రొత్తది కొంటిని. వారము తిరుగకమున్నే అదియు నడుగంటెను. ధాన్యము తరిగినదని గాదెను మార్చిన ఫలమేమి? పొలమునుండి గింజ వచ్చుచున్నదో లేదో చూడవలదా?

నిండిన 12 వోల్టుల బ్యాటరీ, ఇంజను ఆగియున్నపుడు, ఇంచుమించు 12.6 వోల్టులు చూపును. ఇంజను వేగముగా తిరుగునపుడు 14 ప్రాంతమునకు పెరుగవలెను. నా కారున అది పెరుగుటకు మారు తరుగుచుండెను. ఎదుటనున్న ఎర్రదీపము పదిదినములుగా మినుకుమినుకుమనుచునే యున్నది, చూచియు నుపేక్షించితిని. ఆ తప్పు నాది.

బెల్టును బొటనవ్రేలితో నొక్కగా అరయంగుళము దిగెను, అది సరియే. పిమ్మట ఇంజను ఆపి, డైనమోకు గల డి, ఎఫ్ అను రెండు తీగలను విప్పి, డైనమోమీదనే యున్న డి, ఎఫ్ టెర్మినళ్లను రెంటిని ఒక రాగితీగతో కలిపితిని. వోల్టుమీటరు నొకవైపు ఆ రాగితీగకును, రెండవవైపు ఇంజను లోహమునకును తగిలించి, ఇంజనును మెల్లగా నడిపితిని. డైనమో బాగున్నచో ముల్లు వడిగా పైకి లేచును. 20 వోల్టులు దాటనీయరాదు. అర వోల్టు దగ్గర ఆగినచో ఫీల్డు చుట్టను శంకింపవలెను. నా మీటరు ముల్లు కదలనే లేదు. అట్టిచో ముందు చూడవలసినవి బ్రష్షులు.

డైనమోను దింపి వెనుకమూత తీయగా, ఒక బ్రష్షు అరిగి పొట్టియై, బొగ్గుధూళిచే తన గూటిలోనే యిరుకుకొని, కమ్యుటేటరును తాకకుండ నుండెను. కమ్యుటేటరును పెట్రోలు తడిగుడ్డతో తుడిచి, క్రొత్త బ్రష్షులజత వేసితిమి. వాని వెల బ్యాటరీ వెల ముందు చెప్పుకొనదగినది కాదు.

డైనమో బాగుండియు బ్యాటరీ నిండనిచో కటౌటును, రెగ్యులేటరును పరీక్షింపవలెను. ఆ పెట్టెను నేను ముట్టను, తెలిసినవానికి అప్పగింతును. ఒక్క హెచ్చరిక: ఆల్టర్నేటరు గల కారులకు ఈ పరీక్ష చేయకుడు. ఇంజను నడుచుచుండగా దాని తీగలు విప్పిన డయోడులు చెడును.

ఇరువది దినముల పిదప, మరల రాత్రివేళనే, మా అమ్మాయిని ఆసుపత్రికి ఆ కారులోనే కొనిపోయితిని. దారి పొడుగునను నా చూపు ఆ యెర్రదీపముమీదికే పోవుచుండెను. అది వెలుగలేదు.