పాత కారులో పెట్రోలు వాసన: ఒక ఫిర్యాదును విచారించిన విధం

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే, తపాలా ఉద్యోగుల శిక్షణ తరగతిలో పాత అంబాసిడర్ కారు ప్రస్తావన ఎందుకని కొందరు అనుకోవచ్చును. మన మెయిల్ మోటారు డ్రైవర్లకు బండియే పని చేసే చోటు. మన యార్డు సిబ్బంది పెట్రోలు ట్యాంకు వ్యాగన్ల పక్కనే నడుస్తారు. ప్రమాదపు వాసనను ముందుగా పసిగట్టేది వీరే. వీరి మాటను ఎట్లా వినవలెనో మా కార్యాలయపు కారు మాకు నేర్పినది. ఆ అనుభవాన్నే మీ ముందుంచుతున్నాము.

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో నిలిచిపోయింది. మా బండి అంతకు చాలా ముందుది; 1489 సి.సి. పెట్రోలు ఇంజను, కార్బ్యురేటరు ఉన్నట్టిది. ఒక వేసవిలో దానిని నడిపే సోదరుడు, "అయ్యా, బండిలో పెట్రోలు వాసన వస్తున్నదండీ" అని చెప్పాడు. "పాత బండి కదయ్యా! పెట్రోలు బండిలో పెట్రోలు వాసన గాక పన్నీరు వాసన వస్తుందా?" అని మేము నవ్వి ఊరుకున్నాము. అతడు మరి రెండుసార్లు చెప్పాడు. మేము వినలేదు. ఒకనాడు సభ నుండి తిరిగి వస్తుండగా వెనుక సీటులోని పెద్దాయన ఒకరు బీడీ తీసి అగ్గిపుల్ల గీయబోయారు. డ్రైవరు బండి ఆపి, ఆయన చేయి పట్టుకున్నాడు. అప్పటికి గాని మాకు తెలివి రాలేదు.

ఆ రోజు కారులో ఉన్న మాకెవరికీ వాసన తెలియలేదు. ఒకే వాసనలో కొంతసేపు కూర్చుంటే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. వాసన పోయినదని మనం అనుకుంటాము. ఆవిరి మాత్రం అక్కడే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది నేలబారున పరచుకుంటుంది, గుంతలలో నిలుస్తుంది. గాలిలో నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. అంతేకాక పెట్రోలులో ఉండే బెంజీను క్యాన్సరు కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం నిర్ధారించియున్నది. కనుక ఈ వాసన అసౌకర్యం మాత్రమే కాదు, ఆరోగ్య సమస్య కూడా.

మరునాడు బండిని ఒక మరమ్మతు దుకాణానికి పంపాము. అక్కడివారు బానెట్ ఎత్తి చూసి, దోషం కార్బ్యురేటరుదేనని తేల్చారు. సూది, సీటు, గ్యాస్కెట్ మార్చి సొమ్ము తీసుకున్నారు. వారం తిరగకముందే వాసన మళ్లీ వచ్చింది. వాసన ఎప్పుడు వస్తున్నదని వారు డ్రైవరును అడుగలేదు. మేమూ అడుగలేదు.

అప్పుడు ఒక పాత నోటు పుస్తకం అతని చేతికిచ్చాము. వాసన వచ్చిన రోజు, వేళ, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉన్నది, బండి నిలిచి ఉన్నదా, నడుస్తున్నదా అన్నవి వ్రాయమన్నాము. ఈ నాలుగు సంగతులే దారి చూపుతాయి. వేడి ఇంజను ఆపిన తరువాత వాసన వస్తే ముందు కార్బ్యురేటరును చూడాలి. ఇంజను తిరుగుతున్నప్పుడు వస్తే పంపు, దాని నుండి కార్బ్యురేటరుకు పోయే గొట్టం చూడాలి. ట్యాంకు నిండిన రోజులలోనే వస్తే ట్యాంకు పైభాగం, పెట్రోలు పోసే గొట్టం చూడాలి.

రెండు వారాల తరువాత పుస్తకం తెరిచి చూస్తే వాసన వచ్చిన ప్రతి రోజూ ట్యాంకు నింపిన రోజే. వెనుక డిక్కీలోని సామాను తీసి చూశాము. పెట్రోలు పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు గొట్టం కింది వైపున బీటలు వారి ఉన్నది. పెట్రోలు తడి ఆరిపోయినా గోధుమరంగు మరక మిగిలి ఉన్నది. ట్యాంకు నిండుగా ఉండి బండి మలుపు తిరిగినప్పుడు అక్కడి నుండి కొంత చిమ్ముతున్నది. బండి వేగంగా పోతున్నప్పుడు డిక్కీలోని ఆవిరి వెనుక సీటు సందుల గుండా లోనికి లాగబడుతున్నది. బీడీ తీసిన పెద్దాయన కూర్చున్నది సరిగ్గా ఆ సీటులోనే.

ఇథనాలు పెట్రోలుకు తగిన కొత్త గొట్టం, రెండు క్లిప్పులు వేయించాము. మొదటి మరమ్మతుకైన ఖర్చులో ఇది చిన్న భాగం. 2023 ఫిబ్రవరి నుండి మన దేశంలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైనది. పాతకాలపు రబ్బరు, కార్కు దీనికి తట్టుకొనేందుకు చేసినవి కావు. పాత బండ్లు ఉన్నవారు పైకి బాగున్నట్లు కనబడినా వాటి గొట్టాలన్నిటినీ చూపించుకోవాలి.

వెతికేటప్పుడు పాటించవలసినవి చెబుతాము. బండిని ఆరుబయట ఉంచి, తలుపులు తెరచి, చాలాసేపు గాలి తగలనివ్వాలి. తరువాతనే బ్యాటరీ తీగ విప్పాలి. మరమ్మతు గుంత మీద పెట్టి వెతకరాదు. ఆవిరి గుంతలో నిలుస్తుంది. అగ్గిపుల్ల, దీపం, తీగకు వేలాడే బల్బు దగ్గరకు రానీయరాదు. పొడి రసాయనపు అగ్నిమాపకం పక్కన ఉండాలి. నోటితో పెట్రోలు లాగరాదు. లోపం దొరికి సరిచేసే వరకు బండి నడుపరాదు.

మిత్రులారా, ఇప్పుడు మా కార్యాలయంలో ఒక నియమం పెట్టుకున్నాము. "వాసన వస్తున్నది" అని నడిపేవాడు చెబితే ఆ రోజు బండి కదలదు. కార్యదర్శికి ఎంత అవసరమైన పని ఉన్నా బస్సులో పోవలసిందే. మీ శాఖలలో కూడా ఇట్టి ఫిర్యాదు వచ్చినప్పుడు తేదీ, వేళతో వ్రాతపూర్వకంగా నమోదు చేయించండి. ఒక ప్రతి శాఖ వద్ద ఉంచండి. కార్మికుని మాట వినాలని యాజమాన్యాలను ముప్పయి ఏళ్లుగా అడుగుతూ వచ్చిన మేము, మా డ్రైవరు మాటను మూడుసార్లు త్రోసివేశాము. ఆ తప్పును మీ ఎదుట ఒప్పుకొని, మీరు చేయవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!