చేను చెప్పే కొలువు

అనకాపల్లి జిల్లాలో బుచ్చయ్యపేటకు పొరుగునే చోడవరం మండలం. అక్కడి గోవాడ సహకార చక్కెర కర్మాగారంలో గానుగాట నడిచినప్పుడు సీజనల్ కార్మికుడికి ఎన్నాళ్లు పని దొరుకుతుందో తేల్చేది ఆఫీసు కాదు, చుట్టుపక్కల చేలు. నరికిన చెరకు నిలవ ఉంటే బరువు తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. పైగా లారీ కిరాయి. అందుకే దూరం నుంచి తెప్పించుకోవడం గిట్టుబాటు కాదు. వాన మొహం చాటేసినా, నరుకుడు కూలి పెరిగిపోయి రైతు సరుగుడు తోటకు మళ్లినా గానుగాట రోజులు కుదించుకుపోతాయి. ఆ దెబ్బ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగదు. చెరకు నరికే కూలీకి, బండి తోలే మనిషికి, సీజనంతా నడిచే టీ కొట్టుకి కూడా తగులుతుంది. బెల్లం వండే రైతుకూ కావలసింది ఈ చెరకే. అది లేకపోతే అనకాపల్లి మార్కెట్టులో దిమ్మలు మోసే కలాసీకీ పని ఉండదు.

ఇదే జిల్లాలోని అచ్యుతాపురం లెక్క వేరు. అక్కడి బ్రాండిక్స్ దుస్తుల పార్కులో కుట్టే బట్టలు విదేశాలకు పోతాయి. ఇక్కడ వాన పడ్డా పడకపోయినా ఆర్డర్లుంటే మిషన్లు తిరుగుతాయి. కుట్టేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. కాబట్టి కొత్తగా మనుషుల్ని తీసుకోవాలంటే ఆర్డరొక్కటే చాలదు. ఊరి దాకా బస్సు రావాలి, రాత్రి షిఫ్టు దిగాక ఇంటికి చేర్చాలి. బస్సు రావాలంటే దారి బాగుండాలి కనక, నా మటుకు, రోడ్డు బాగుచెయ్యడం కూడా ఉద్యోగ కల్పన పథకమే.