మన కత్తి కాంతారావు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరు కదా, వంతెనల గురించో కాలవల గురించో మాట్లాడతాడని మీరు అనుకుని ఉంటారు. నేను మాట్లాడబోయేది కత్తి కాంతారావు గారి గురించి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల టూరింగ్ టాకీసుల్లో నేల టిక్కెట్టు కొని కూర్చున్న మన తరానికి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. పాత జానపదం మళ్లీ ఆడిందంటే చాలు, మర్నాడు బడి ఆవరణలో తాటిమట్టలన్నీ కత్తులైపోయేవి. అందరం కాంతారావులమే. రాజనాలగా ఉండటానికి మాత్రం ఒక్కడూ ఒప్పుకునేవాడు కాదు.

ఆయన పూర్తి పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. 1923లో కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారు. నాటకాల మోజు ఆయన్ని మద్రాసు చేర్చింది. హెచ్.ఎం. రెడ్డి గారు 'ప్రతిజ్ఞ' (1953)తో కథానాయకుణ్ణి చేశారు. 'జయసింహ' (1955)లో రామారావు గారికి తమ్ముడయ్యారు. తర్వాత విఠలాచార్య గారి 'జయ విజయ' (1959), 'కనకదుర్గ పూజా మహిమ' (1960), 'గురువును మించిన శిష్యుడు' (1963) వచ్చాయి. కత్తి ఆయనకు ఇంటిపేరైపోయింది.

ఆ సినిమాల పనితనం నాకు ఉద్యోగంలో చేరాకే అర్థమైంది. అప్పుడు కంప్యూటర్లు లేవు. మనిషి మాయం కావాలంటే కెమెరా ఆపాలి. ఆ మనిషి పక్కకు తప్పుకోవాలి, మిగతావాళ్లు ఉన్నచోటే బొమ్మల్లా నిలబడాలి, మళ్లీ కెమెరా తిప్పాలి. ఒక్కరు తల కదిపినా తెరమీద అతుకు కనిపించేస్తుంది. హీరో అయితే ఎదురుగా లేనిదాన్ని చూసి ఉలిక్కిపడాలి, గాలి మీదికి కత్తి దూయాలి. ఆయన నమ్మితేనే నేల టిక్కెట్టు వాడు నమ్ముతాడు. యంత్రం ఎంత గొప్పదైనా, దాని ముందు నిలబడిన మనిషి ఓపికే అసలు బలం.

జానపదాల్లో రాజకుమారుడైన ఆయనే 'సీతారామ కల్యాణం' (1961)లో నారదుడు, 'లవకుశ' (1963)లో లక్ష్మణుడు, 'నర్తనశాల' (1963)లో కృష్ణుడు. హీరో వేషమైనా, పక్క వేషమైనా ఆ శ్రద్ధలో తేడా కనిపించదు.

సొంతంగా 'సప్తస్వరాలు', 'గండరగండడు' (1969) వంటివి తీశారు. నిర్మాణం మాత్రం కలిసిరాలేదు. ఆస్తులు కరిగిపోయాయి. జానపదాల కాలమూ దాటిపోయింది. తెరమీద ఎన్నో రాజ్యాలు గెలిచిన మనిషి చిన్న వేషాలు, టీవీ సీరియళ్లు చేసుకుంటూ బతుకు వెళ్లదీశారు. ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చింది. 2009 మార్చి 22న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

చప్పట్లు కొట్టినంత తేలిగ్గా మనం మనుషుల్ని మరిచిపోతాం. మన బడికీ ఇది వర్తిస్తుంది. పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు పేపర్లో మన ఫోటోలు పడ్డాయి గాని డ్రాయింగు మాస్టారిది పడలేదు, డ్రిల్లు మాస్టారిది పడలేదు, గంట కొట్టిన అటెండరుది అసలే పడలేదు. వాళ్లలో కొందరు ఇవాళ మందుల ఖర్చులకు తడుముకుంటున్నారు.

ఫోటోకు దండ వేసేదాకా ఆగొద్దు. సంఘం నిధిలో ఏటా కొంత భాగం వారి వైద్యానికి కేటాయించాలని ఈ సభకు నా మనవి. నా వంతు ఇవాళే కోశాధికారి గారికి అందజేస్తున్నాను. మీ వంతు సంగతి మీరు చూడండి.

సెలవు.