సంతకం పెట్టే ముందు సైరన్ గురించి అడగండి

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, కెమికల్ ప్లాంట్‌లో స్కాఫోల్డింగ్ పని దొరికింది. గ్యాస్ లీకైతే ఇక్కడ ఎవరు చూసుకుంటారు?" ఈ రోజు దాని గురించే.

ముందు ఒక పాత సంగతి. 1974 జూన్ 1, శనివారం సాయంత్రం. ఫ్లిక్స్‌బరోలో నైప్రో ఫ్యాక్టరీ పేలి 28 మంది చనిపోయారు. ఒక రియాక్టర్‌కి పగులొస్తే దాన్ని తీసేసి, మధ్యలో తాత్కాలికంగా 20 అంగుళాల పైపు కలిపారు. ఆ పైపుకి డ్రాయింగ్ ఏంటో తెలుసా? వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీసిన గీత! నేను ఐటీఐ ఫిట్టర్ని, అది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. మనం కూడా అలా ఎన్నిసార్లు గీసుంటామో.

పని చోట భద్రత గురించిన పెద్ద చట్టం వచ్చింది ఆ ఏడాదే. దాని కింద హెల్త్ అండ్ సేఫ్టీ కమిషన్ ఏర్పడింది. విధానాలు కమిషన్‌వి, తనిఖీలు హెచ్‌ఎస్‌ఈ వాళ్లవి. 2005 డిసెంబర్‌లో బన్స్‌ఫీల్డ్ ఆయిల్ డిపో పేలినప్పుడు, విచారణ బోర్డు వేయించింది కూడా ఈ కమిషనే. ట్యాంకులో పెట్రోల్ మట్టం చూపే గేజ్ ఇరుక్కుపోయింది. నిండితే ఆపాల్సిన స్విచ్ కూడా పనిచేయలేదు. ఎందుకంటే ఆ స్విచ్‌కి వేయాల్సిన చిన్న తాళం వేయలేదు, అది దేనికో అక్కడి వాళ్లకి తెలీదు. ఆదివారం తెల్లవారుజాము కాబట్టి ప్రాణాలు పోలేదు, 43 మందికి గాయాలయ్యాయి.

2008లో కమిషన్‌ని హెచ్‌ఎస్‌ఈలోనే కలిపేశారు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో పెద్ద కెమికల్ సైట్లని హెచ్‌ఎస్‌ఈ, ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ కలిసి చూస్తాయి. ఆ రూల్స్ పేరు కోమా. ప్రమాదం ఎక్కువున్న సైట్ల వాళ్లు లోపలి ఎమర్జెన్సీ ప్లాన్ రాయాలి, బయటి ప్లాన్ కౌన్సిల్ రాస్తుంది. మూడేళ్లకి ఒకసారైనా రెండిట్నీ పరీక్షించాలి. చుట్టుపక్కల ఇళ్లకి ఏం చేయాలో ముందే చెప్పాలి.

మన వైజాగ్‌లో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైన తెల్లవారుజామున, ఆర్‌ఆర్ వెంకటాపురం వాళ్లని సైరన్ లేపలేదు. పన్నెండు మంది పోయారు. అందుకే నాకు ఈ పరీక్ష అన్న మాట దగ్గరే చూపు ఆగుతుంది.

ఇక అసలు విషయం. లోపలి ప్లాన్ రాసేటప్పుడు అక్కడ ఎక్కువ కాలం పనిచేసే కాంట్రాక్ట్ మనుషుల్ని కూడా సంప్రదించాలని రూల్ ఉంది. కానీ నా మొదటి ఇండక్షన్‌లో నేనేం చేశానంటే, ఇంగ్లిష్ సగమే అర్థమైనా తలూపి సంతకం పెట్టేశా. మూడో వారం డ్రిల్లు సైరన్ మోగితే గాలి వైపు చూడకుండా క్యాంటీన్ వైపు పరిగెత్తా. నవ్వుకున్నారు. నిజంగా లీకైతే?

కాబట్టి తమ్ముడూ, సంతకం ముందు మూడు అడుగు: ఏ మోతకి బయటికి పోవాలి, ఏ మోతకి లోపలుండి తలుపులు మూయాలి, గాలి దిశ చూపే గుడ్డ గొట్టం ఎక్కడుంది. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమను, సిగ్గుపడకు. ప్రాణానికి నిజంగా తక్షణ ప్రమాదం అనిపించి పని వదిలి బయటికొస్తే, దానికి నీ మీద కక్ష తీర్చుకోకూడదని ఇక్కడి చట్టంలో 44వ సెక్షన్ ఉంది. 2021 నుంచి అది ఏజెన్సీ వర్కర్లకీ వర్తిస్తుంది.

ఆ సైట్‌లో చేరాక ఇండక్షన్ ఎలా జరిగిందో మెసేజ్ పెట్టు.