నెగటివ్ రిపోర్టును కూడా ప్రశ్నించండి

కర్నూలు, కడప వైద్య కళాశాలల్లో చదివి పట్టాలందుకుంటున్న మీకందరికీ అభినందనలు.

ఈ రోజు మీతో రక్తక్యాన్సర్ గురించి మాట్లాడతాను. దానిపై మందులతో సాగిన తొలినాటి పోరాటాల్లో మన తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ 1947లో బోస్టన్‌లో లుకేమియా పిల్లలకిచ్చాడు. కొందరిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. కానీ ఆ మందు వేగంగా పెరిగే మంచి కణాలనూ దెబ్బతీసేది.

2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మాత్ర దారి వేరు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై, బీసీఆర్-ఏబీఎల్ అనే అతుకుల జన్యువు పుడుతుంది. ఆ జన్యువు చేసే ప్రొటీన్‌నే ఈ మాత్ర అడ్డుకుంటుంది.

అయితే జన్యువు నకలు నేరుగా ప్రొటీన్ అయిపోదు. కణం అందులోని ఇంట్రాన్లను కత్తిరించేసి ఎక్సాన్లను కలుపుతుంది. దీన్నే స్ప్లైసింగ్ అంటారు. జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని 1977లో కనుగొన్నందుకే ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది. ఒకే అతుకుల జన్యువు నుంచి బీసీఆర్ 14వ ఎక్సాన్ ఉన్న నకలూ, లేని నకలూ రావచ్చు. తేడా 75 జన్యు అక్షరాలే. ఈ నకళ్లను వెతికే మామూలు పీసీఆర్ పరీక్షకు రెండూ చిక్కుతాయి. జన్యువు మరోచోట తెగి పుట్టే అరుదైన రూపాలు చిక్కకపోవచ్చు. మొదటి రోజే ఏ రూపమో తేల్చి రాసుకోకపోతే, తర్వాత వచ్చే నెగటివ్ రిపోర్టు చూసి జబ్బు తగ్గిందని మోసపోవచ్చు.

ఇక మన నేల సంగతి. వానల్లేని ఏడాది కోసిగి, ఆదోని వైపు కుటుంబాలు గుంటూరు మిరపకోతలకు సుగ్గి (వలస) పోతాయి. మాత్ర రోజూ పడాలి, మొదట్లో మూడు నెలలకోసారి పీసీఆర్ చేయాలి. సుగ్గి పోయినచోట ఈ రెండూ తప్పుతాయి. మాత్ర ఆగితే జబ్బు తిరగబెట్టవచ్చు, మందుకు లొంగకుండానూ పోవచ్చు.

అందుకే మిమ్మల్ని కోరేది ఇది. రోగి చీటీపై అతనిలోని బీసీఆర్-ఏబీఎల్ రూపం పేరు రాయండి. ఊరు విడిచేముందు సరిపడా మాత్రలివ్వండి. పరీక్ష తేదీ అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. రిపోర్టును నమ్మేముందు, ఆ పరీక్ష దేన్ని వెతికిందో అడగండి.